కాలేయమునకు నెత్తురు కట్టుట
(మరైగూడలో చేసిన ప్రసంగము)



ఈ బస్తరు సీమలో ఇందఱు తెలుగువారిని ఒక్కచోట చూచుట నా భాగ్యము. నేను వైద్యుడను కాను. సచివాలయమున దస్త్రములు చూచువాడను. ఐనను నిరుడు మా అన్నగారి కాలేయమునుండి క్యాన్సరు కంతిని తీసినపుడు తెలిసికొన్న సంగతి నొకదానిని మనవి చేయుదును.

కాలేయమునకు చేరు రక్తములో సుమారు ముప్పాతిక వంతు ప్రేగులనుండి వచ్చు పెద్దసిర తెచ్చును. తక్కినది ధమని తెచ్చును. కత్తి తగిలినచో నెత్తురు వఱదయగును. గ్లాస్గో శస్త్రవైద్యుడు ప్రింగిల్ 1908లో, గాయపడిన కాలేయమునకు పోవు ఈ నాళములను కలిపి నొక్కిపట్టి రక్తస్రావము నాపు ఉపాయమును ప్రకటించెను. నేటికిని అది వాడుకలో నున్నది.

కాని కాలువ కట్టినచో దిగువ పైరు వాడును. రక్తమందని కణములు దెబ్బతినును. మరల వదలినపుడు వచ్చు రక్తము వాపు పుట్టించును. ఎలుకలపై చేసిన కొన్ని ప్రయోగములలో, అట్టి చోట మిగిలిన క్యాన్సరు కణములు త్వరగా పెరిగినవి. మనుష్యులయందు మాత్రము పెక్కు పరిశీలనలలో అట్టి కీడు తేలలేదు. అధిక రక్తస్రావమో ప్రాణాంతకము. అందుచేత 15 నిమిషములు బిగించి, 5 నిమిషములు వదలుట పెక్కుచోట్ల పద్ధతి.

"ఎంతసేపు కట్టితిరి?" అని వైద్యుని అడిగితిని. ఆయన గోడ గడియారము చూపి, "అక్కఱ యున్నంతసేపే" అనెను. మా అన్నగారు నేడు కుశలము.

మీ యింట అట్టి అవసరము రాకుండుగాక! వచ్చినచో సంకోచింపక ఈ ప్రశ్న అడుగుడు.