గిన్నె మీద పేరు, చీటీలో లెక్క
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో పాల సంఘం సభ్యురాలి ప్రసంగం)



మా ఇంట్ల ఒక స్టీలు గిన్నె ఉంది. దాని మీద ఒక డెయిరీ పేరు చెక్కి ఉంటది. మా ఊర్లో పాలు కొన్న ప్రైవేటు డెయిరీ దసరాకు ఇచ్చింది. ఒక ఏడు గిన్నె, ఒక ఏడు బకెట్, ఇంకో ఏడు గోడ గడియారం. మేం సంబురపడ్డం. వేరే వాళ్లు ఎక్కువ రేటు ఇస్తమన్నా పోలేదు.

కానీ పాల చీటీ మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. వెన్న శాతం ఎంత వచ్చిందని మా అత్తమ్మ అడిగితే, "గిన్నె తీసుకున్ననాడు అడగలేదు గదా" అన్నడు కేంద్రం అతను. ఆ మాటతో ఆమె మల్ల అడగలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రోజుకు నాలుగు కిలోల పాలు పోస్తం అనుకోండి. వెన్న 6 శాతం ఉంటే 5.5 అని రాస్తే, రోజుకు 20 గ్రాముల వెన్న పోయినట్టు. 300 రోజులకు ఆరు కిలోలు. కిలో వెన్నకు 700 రూపాయలు అనుకుంటే 4,200 రూపాయలు! ఆ గిన్నె ధర ఎంతో మీరే చెప్పండి.

ఇదే మాట ఇంకో తీరుగా నడిచిన చోటు ములుకనూరు. అక్కడ 1956లోనే రైతుల సహకార బ్యాంకు పుట్టింది. తర్వాత ఆడవాళ్ల పొదుపు సంఘాలు వచ్చినయి. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 2000 ఆగస్టులో ఆ మహిళలు తమ డెయిరీ మొదలుపెట్టిండ్రు. సభ్యులూ వాళ్లే, పాలకవర్గమూ వాళ్లే. పాలకు పెట్టుకున్న పేరు స్వకృషి. మిగులు వస్తే బోనస్‌గా పాలు పోసిన వాళ్లకే చేరుతది.

గిన్నెలు ఇవ్వడం తప్పని నేను అనను. మన సంఘమే ఇచ్చినా అది మన పాల పైసలలోంచే వస్తది. అందుకే ఎంత ఖర్చయితదో మహాసభలో చెప్పి, తీర్మానం చేసి ఇవ్వాలె. బోనస్ తగ్గించి గిన్నె పంచితే మనది మనకే కానుకగా ఇచ్చినట్టు.

మీరు ఇంటికి పోయినంక మూడు పనులు చేయండి. శాంపిల్ తీసే ముందు పాలు బాగా కలపమనండి, కలపకుంటే లెక్క తప్పుతది. మిషన్ మీద అంకె మీ కళ్లతో చూడండి. పాల కొలత, వెన్న, ఎస్ఎన్ఎఫ్, రేటు రాసిన చీటీ తీసుకుని దాచుకోండి. చదువు రాని అక్క పక్కన ఒక చెల్లె నిలబడాలె.

మా అత్తమ్మ గిన్నెను నేను పారేయలేదు. ఇప్పుడు అందులనే పాల చీటీలు పెడుతున్న. వచ్చే మహాసభకు మీరందరూ మీ చీటీలు తెండి, కలిసి లెక్క చూద్దాం.