ఇసుకలో కాపురముండే చేప



అద్దాల తొట్టిలో రంగు చేపలను పెంచడం మన ఇళ్ళకు కొత్త కాదు. ఈమధ్య నగరాలలో కొందరు ఉప్పునీటి తొట్టెలు కూడా పెడుతున్నారు. అలాంటి తొట్టిలో పెంచదగిన ఒక చిన్న చేపను గురించి ఈరోజు చెప్పుకుందాం. దాని పేరు గోబీ. మన ఏటి ఇసుకలో దొరికే ఇసుకదొందుకు చుట్టమే. గోబీలలో చాలా రకాలున్నా, తొట్టెలకు ఎక్కువగా తెచ్చుకునేది పసుపుపచ్చ రకం. ఒళ్ళంతా పసుపు, తలమీద సన్నని నీలిచుక్కలు, పొడవు మూడు నాలుగంగుళాలు. పసిఫిక్ సముద్రపు పశ్చిమ భాగంలో, పగడపు దిబ్బల పక్కనుండే ఇసుకలో దాని కాపురం.

ఆ కాపురం చూడముచ్చటైనది. కన్నం తవ్వేది చేప కాదు, పిస్టల్ రొయ్య అనే చిన్న రొయ్య. పాపం, దానికి చూపు బాగా తక్కువ. పొద్దస్తమానం ఇసుక మోసి బయట పోస్తుంది. చేప వాకిట్లో కూర్చుని కాపలా కాస్తుంది. బయటకు వచ్చినప్పుడల్లా రొయ్య తన మీసాన్ని చేప ఒంటికి ఆనించి ఉంచుతుంది. ప్రమాదం కనబడితే చేప తోక ఆడిస్తుంది. ఇద్దరూ చటుక్కున లోపలికి!

మరి ఈ జంటను తెచ్చుకోవాలంటే ముందు ఇల్లు సిద్ధం చేయాలి. కనీసం 75 లీటర్ల తొట్టి ఉండాలి. రాళ్ళను ముందుగా తొట్టి అడుగు అద్దం మీదే కదలకుండా అమర్చి, ఆ తరువాతే ఇసుక పోయండి. ఇసుకమీద రాయి పెడితే, రొయ్య దానికింద తవ్వినప్పుడు రాయి కూలుతుంది. ఇసుక రెండు మూడు అంగుళాల మందాన ఉండాలి. అందులో కొంచెం గులకముక్కలు కలిపితే కన్నం నిలబడుతుంది.

నీళ్ళలో వంటింటి ఉప్పు వేయకండి. సముద్రపు నీటికోసం అమ్మే ప్రత్యేకమైన ఉప్పునే శుద్ధిచేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాములు కలపాలి. పులుసు మరిగితే నీరు ఇగిరి ఉప్పెక్కడం మనకు తెలిసిందే కదా! తొట్టిలోనూ అంతే. తగ్గిన మేరకు ఉప్పులేని శుద్ధజలమే పోయాలి. వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండాకాలంలో ఇది తేలిక కాదు, ముందే ఆలోచించుకోండి. కరెంటు పోయినప్పుడు గాలి ఆడేందుకు బ్యాటరీ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

పాలు తోడుకునేదాకా ఆగినట్టే ఇక్కడా ఆగాలి. చేపల మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు తొట్టిలో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అయ్యాకే చేపను తెండి. తొట్టిపైన సన్నని వల తప్పనిసరి. బెదిరితే గోబీ ఎగిరి బయట పడుతుంది. ఉప్పునీటి చిన్న రొయ్యలను కొద్దికొద్దిగా, కన్నం దగ్గరకు చేరేలా వేయండి. రాగి కలిసిన మందులు తొట్టిలో వాడకండి, రొయ్య చనిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇక చెబుతాను. కొత్తగా తెచ్చిన గోబీ కొన్ని రోజులపాటు కనబడకపోవచ్చు. మా ఇంట్లో అలాగే జరిగింది. నాలుగు రోజులు చూసి, చచ్చిందేమో, నీళ్ళు పాడవుతాయేమోనన్న కంగారుతో మేము రాయి ఎత్తి చూశాం. చేప క్షేమంగానే ఉంది. కన్నం మాత్రం కూలిపోయింది. రొయ్య అప్పుడే పొర విడిచి మెత్తగా ఉందేమో, నలిగిపోయింది. తవ్విపెట్టే తోడు లేక, మరో రొయ్యను తెచ్చేదాకా ఆ చేప రాతి మూల ఒదిగి బిక్కుబిక్కుమంటూ గడిపింది. ఆ పని మా తొందర చేసింది. నీటిని పరీక్షిస్తే అమ్మోనియా పెరిగిందో లేదో ఆ గొట్టంలోనే తెలిసేది. రాయి ఎత్తవలసిన అవసరమే లేదు.

కనుక కనబడలేదని కదిలించకండి. నీటిని పరీక్షించండి, మేత వేయండి, దూరంగా కూర్చోండి. కొత్తకోడలు కూడా నాలుగు రోజులు గదిలోనుంచి తొంగిచూసే కదా వాకిట్లోకి వస్తుంది!

ఇంకొక్క మాట. అందంగా ఉన్నాయని మన సముద్రంలోని పగడాలను కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ కల్పించింది, అమ్మడమూ కొనడమూ నేరం. గోబీకి పగడం అవసరం లేదు. ఇసుక, రాయి, తోడుగా ఒక రొయ్య, మన ఓపిక ఉంటే చాలు.

ఇంత శ్రమ పడలేమనుకుంటే తేకపోవడమే మంచిది. తెచ్చాక మాత్రం ఆ చిన్న ప్రాణానికి సముద్రమంతా మన తొట్టే. సెలవు.