నొప్పి లేని చీకటి
(వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట కంటిజబ్బును గూర్చి మాటలాడుమని నన్నాజ్ఞాపించితిరి. నేను చెప్పబోవునది శుక్లమును గూర్చి కాదు. శుక్లము నెలలు వేచియుండును; శస్త్రచికిత్సతో సాధారణముగా చూపు మరలును. నేను చెప్పునది క్షణములలో చూపును హరించునట్టిది.

ఉదయగిరి ప్రాంతమున నొక గృహస్థును తలచుకొనుడు. అరువదేండ్లవాడు. రక్తపోటు కలదు, మాత్ర యొకనాడు వేసికొని రెండునాళ్లు మానును. తెల్లవారుజామున పశువులకు మేత వేయుచుండగా నొక కంటికి చీకటి క్రమ్మినది. నొప్పి లేదు, ఎఱుపు లేదు, నీరు కారుట లేదు. ముఖము కడిగికొని పొర క్రమ్మినదనుకొనును. ఇంటివారు కంటిలో చనుబాలు పిండుదురు, లేదా పసరు పోయుదురు. పనిమీద ఆత్మకూరు పోయినపుడు చూపింతమని వాయిదా వేయుదురు. రెండవకన్ను చక్కగా కనబడుచుండుటచే పనులు సాగిపోవును. ఆ వాయిదాయే యా కంటిని చంపును.

ఇందు జరిగినదేమి? కంటిలో వెనుకభాగమున రెటీనా యను పలుచని పొర కలదు. దాని లోపలి భాగమునకు రక్తము నందించునది ముఖ్యముగా నొక్క సన్నని ధమని. మెడలోని ధమనియందు పేరుకొనిన క్రొవ్వు తునుక గాని, లయ తప్పిన గుండెయందు గట్టిపడిన రక్తపుగడ్డ గాని కొట్టుకొనివచ్చి యందడ్డుపడును. దీనిని 1859లో జర్మను నేత్రవైద్యుడు ఫాన్ గ్రేఫె వర్ణించెను. మన యుదయగిరి దుర్గమును కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గాని గైకొనలేకపోయెను. దుర్గమునకు నిలువలుండును, రెటీనాకు గాదె లేదు, కోనేరు లేదు. మన దేశమున జన్మించి అమెరికాలోని అయోవాయందు పనిచేసిన సోహన్ సింగ్ హేరే యను వైద్యుడు ముసలికోతులయందు పరీక్షింపగా, ధమని 97 నిమిషములు మూసియున్నను హాని కానరాలేదు. 240 నిమిషములైనపుడు తీరని హాని కలిగెను. మనుష్యునియందు ధమని యెంతవఱకు మూసికొన్నదను దానినిబట్టి యీ లెక్క కొంత మారును.

ఇక మన త్రోవలెక్క చూడుడు. ఆత్మకూరునుండి నెల్లూరు సుమారు 60 కిలోమీటర్లు; ఉదయగిరినుండి సుమారు 100. చీకటి క్రమ్మిన క్షణముననే బయలుదేరినను ఉదయగిరివానికి ఆ 97 నిమిషములు త్రోవలోనే తీరిపోవును. కావున చనుబాలకును, పసరునకును, పంచాంగమునకును సమయమెక్కడిది?

బోరునీటి ఫ్లోరైడుచే మోకాళ్లు పట్టి, నడుములు వంగి, నొప్పితోడనే కాపురము చేయుట మనవారిలో పెక్కండ్రకు నలవాటు. నొప్పి హెచ్చిననే వైద్యునియొద్దకు పోవుట మన మర్యాదయైనది. ఈ వ్యాధి యా మర్యాదను మోసగించును.

ఇది కంటికి వచ్చిన పక్షవాతము. అమెరికా హృద్రోగసంఘము 2021లో ప్రకటించిన యభిప్రాయము నిదియే. కనుక కండ్లద్దముల దుకాణమునకు గాక, సీ.టీ. స్కానును, పక్షవాతమునకు వైద్యమును గల పెద్దయాసుపత్రికి పోవలెను. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున నారంభమైన 108 వాహనమును పిలిచి, "కన్ను మసక" యని గాక, "చూపు హఠాత్తుగా పోయినది, ఇన్ని గంటలకు పోయినది" అని చెప్పవలెను. నాలుగున్నర గంటలలోపల చేరినవారిలో తగినవారికి గడ్డను కరిగించు సూదిమందు కొన్నిచోట్ల నిత్తురు. దానిచే నందఱికిని చూపు మరలునని నేను మాట యీయజాలను. కనుగ్రుడ్డును మర్దించుటవలన మేలని నిరూపితము కాలేదు. వైద్యుడు చూడకమునుపు స్వయముగా మాత్రలు మింగరాదు. ఏబదియేండ్లు దాటినవారికి కణతలు నొచ్చి, నమలునపుడు దవడ నొప్పి కలిగి చూపు పోయినచో, అది ధమనుల వాపు కావచ్చును. వెంటనే మందు పడనిచో రెండవకన్నును పోవచ్చును. ఈ లక్షణములను దాచక చెప్పవలెను.

కొందఱికి ముందుగా హెచ్చరిక వచ్చును. కన్నుమీద తెర దిగినట్లయి, కొన్ని నిమిషములకు తొలగును. తొలగినదని సంతోషించుటకంటె నాడే యాసుపత్రికి పోవుట మేలు. కన్ను పోయినవారును దినములు గడచినవని మానరాదు. అనంతరపు వారములలో మెదడునకు పక్షవాతము వచ్చు ప్రమాదము మిక్కుటము. గుండె, మెడ ధమనులు, రక్తపోటు, మధుమేహము, కొలెస్టరాల్ పరీక్షింపవలెను. చుట్ట, బీడీ, సిగరెట్టు విడువవలెను. పోయిన కన్ను తరువాత నెఱ్ఱబడి నొచ్చినచో మరల చూపవలెను.

ఒంటికంటితో బ్రదుకుట సాధ్యమే, కాని క్రొత్తగా నేర్వవలెను. దూరము పొరబడును, చెంబు మూతి గ్లాసు అంచున కానించి నీరు వంచుకొనవలెను. మెట్లు కాలితో తడవి దిగవలెను. వీథిలో తోడువచ్చువారు చూపులేని ప్రక్కన నడువవలెను. అలవాటు పడువఱకు మోటారుబండి నడుపరాదు. ఉదయగిరిలో చెక్కగరిటెలు, చెంచాలు చెక్కువారి పని కత్తితోడి పని; మిగిలిన కంటికి గట్టి యద్దములు లేక వారు పనికి కూర్చుండరాదు. కట్టెలు కొట్టువారికిని, నూర్పిడి చేయువారికిని నిదే మాట.

ఒక్క సంగతి మన సంఘమునకే చెందినది. ఒంటికన్నువా డెదురైన శకునము కాదని పెండ్లికి తరలువారు వెనుదిరుగుట మనలో నింకను కలదు. నిన్నటివఱకు పెద్దమనుష్యుడై తాంబూలమందుకొన్నవాడు ధమని మూసికొన్నమాత్రమున అశుభుడగునా? ఇది సిగ్గుపడదగిన యాచారము. ఈ భయముచేతనే కొందఱు చూపు పోయిన సంగతి నింటివారికిని చెప్పరు.

ప్రభుత్వ సహాయమును గూర్చి యొక మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము క్రింద ముఖ్యప్రయోజనములకు 40 శాతము వైకల్య ముండవలెను. ఒక కన్ను పూర్తిగా పోయి రెండవది చక్కగా నున్నచో 30 శాతమే లెక్కింతురు. కావున నట్టి కూలివానికిని, పనివానికిని ప్రభుత్వసహాయ మంతగా దొరకదు. పరీక్షల ఖర్చునకు మన సంఘనిధియే దిక్కు. కార్యదర్శిగారు సభ ముగిసిన పిమ్మట రెండు పట్టణములయందును కార్లు గలవారి పేర్లు వ్రాసికొందురు. అర్ధరాత్రివేళ నెల్లూరు బయలుదేరగలవారు తమ పేరునకు నెదుట నా మాట వేఱుగా వ్రాయింపవలెనని ప్రార్థించుచున్నాను.