వేరుతో సహా పెకలించే మాట

చేలో తుంగ పీకిన వాళ్లకు తెలుసు: ఆకు చేతికి వస్తుంది, గడ్డ మాత్రం మట్టిలోనే ఉండిపోతుంది. నాలుగు రోజులు తిరక్కుండా మళ్లీ మొలుస్తుంది. తవ్వి గడ్డతో సహా తీస్తేనే పీడ విరగడవుతుంది. ఇంగ్లిషులో ‘ఎరాడికేట్’ అన్న మాటకు మొదటి అర్థం అదే. లాటిన్‌లో ‘రాడిక్స్’ అంటే వేరు. ముల్లంగిని ‘ర్యాడిష్’ అనడం కూడా అందులోంచే వచ్చింది. మన ‘నిర్మూలన’లో ఉన్న మూలం అన్నా వేరు అనే కదా! రెండు భాషలకూ ఒకే పోలిక తట్టడం నాకెప్పుడూ అబ్బురమే.

‘ఎరాడికేట్’ను ‘ఎలిమినేట్’తో కలిపేస్తుంటాం. అందులో ఉన్నది లాటిన్ ‘లీమెన్’, అంటే గడప. గడప దాటించి బయటికి పంపడమన్నమాట. పంపినది తిరిగి రావచ్చు. వైద్యరంగం ఈ తేడాను గట్టిగా పాటిస్తుంది. ఒక ప్రాంతంలో జబ్బు సోకడం ఆగితే ఎలిమినేషన్. లోకమంతటా శాశ్వతంగా పోతేనే ఎరాడికేషన్. మనుషుల జబ్బుల్లో ఆ మాట దక్కింది మశూచికి ఒక్కదానికే. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో కనిపించింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సభ అది పోయిందని ప్రకటించింది. పశువుల్లో రిండర్‌పెస్ట్ జబ్బు పోయిందని 2011లో ప్రకటించారు.

పోలియో మాత్రం ఇంకా గడప బయటే ఉంది. మన దేశానికి 2014లో పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది కానీ, పొరుగున పాకిస్థాన్‌లో, అఫ్గానిస్థాన్‌లో వేరు మిగిలే ఉంది. చుక్కల మందు ఆపనిది అందుకే. మీ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే, ఈసారి పోలియో ఆదివారం తప్పకుండా తీసుకెళ్లండి.