ఇంగ్లండు పల్లెలో మొగలాయి గుమ్మటం



తోటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. తాజ్, షాలిమార్ సంగతులు మీకు నేను చెప్పేదేముంది? మీలో చాలామంది వినని తోట ఒకటి ఉంది. ఇంగ్లండులో, గ్లాస్టర్‌షైర్ పల్లెపట్టున. పేరు సీజిన్‌కోట్.

కల్నల్ జాన్ కాకరెల్ అనే ఆయన 1795లో ఆ ఎస్టేటు కొని మూడేళ్ళకే పోయాడు. అది తమ్ముడు చార్లెస్ చేతికొచ్చింది. ఈయన బెంగాల్లో కంపెనీ కొలువు చేసి, కలకత్తాలో వ్యాపారం నడిపి, బాగా గడించి వెళ్ళినవాడు. అలాంటివాళ్ళను అక్కడి జనం ‘నేబాబు’లని ఎగతాళి చేసేవారు. మన నవాబు మాటే, కాస్త వంకరపోయింది!

1805 ప్రాంతంలో ఇంకో సోదరుడు శామ్యూల్ ఇంటికి ప్లాను గీశాడు. ఉల్లిగడ్డ ఆకారంలో రాగి గుమ్మటం, మూలల్లో ఛత్రీలు, వెడల్పాటి చూరు. లోపలికి వెళితే మాత్రం అంతా గ్రీకు పద్ధతే. షేర్వానీ మనది, తొడుక్కున్న మనిషి వాళ్ళ మనిషి అన్నమాట.

తోటకు సలహా ఇచ్చినవాడు థామస్ డేనియల్. 1786లో కలకత్తాలో దిగి, ఏళ్ళ తరబడి మన దేశం తిరిగి కట్టడాల బొమ్మలు వేసుకున్న చిత్రకారుడు. వాగు వెంబడి సూర్యుడి గుడి, కొలను, వంతెన మీద నందులు, మానుకు చుట్టుకున్న పాము నోట నీళ్ళు చిమ్మే ఫౌంటెన్. మొగలాయి గుమ్మటానికి సూర్యుడి గుడి పొరుగు! నాకైతే అది తప్పనిపించదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1770 కరువులో బెంగాల్లో లక్షలాది జనం చచ్చిపోతున్నా కంపెనీ శిస్తు వసూలు ఆపలేదు. తర్వాత కొన్నేళ్ళకు చార్లెస్ గడించింది ఆ గడ్డ మీదనే. ముచ్చటపడి చూద్దాం, కానీ ఈ లెక్క మరిచి చూడటం న్యాయం కాదు.

తర్వాత నాలుగో జార్జి రాజైన యువరాజు 1807లో సీజిన్‌కోట్ చూశాడు. 1815 నుంచి బ్రైటన్‌లో తన భవనాన్ని అలాంటి గుమ్మటాలతోనే తిరగ కట్టించాడు. 1914లో యుద్ధంలో గాయపడిన మన సిపాయిలను తెచ్చి పడుకోబెట్టింది ఆ గుమ్మటాల కిందనే. ముస్లిములకు వేరే వంటశాల, బయట పచ్చికలో నమాజుకు జాగా ఏర్పాటు చేశారు.

సీజిన్‌కోట్‌ను 1944లో క్లైన్‌వర్ట్ కుటుంబం కొన్నది. ఆ ఇంటి ఇల్లాలు హిందూస్థాన్ చూసి వెళ్ళి, 1960లలో దక్షిణం వైపు చార్‌బాగ్ పద్ధతిలో తోట వేయించింది. అంటే గుమ్మటం లేచిన నూటయాభై ఏళ్ళకు పైగా గడిచాక గాని దాని తోట దానికి రాలేదు. నడుమ ఫౌంటెన్, నీటి కాలువ ఉన్నాయి. సరు చెట్ల స్థానంలో మాత్రం ఐర్లండు యూ చెట్లు నాటారు. అవీ నిటారుగానే పెరుగుతాయి.