నిదానము వేరు, తాత్సారము వేరు
(పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)

 

పని వెనుకబడుటను తెలుపుటకు మన భాషలో మాటలకు కొదువ లేదు. నిదానము, జాగు, ఆలస్యము, తాత్సారము, వాయిదా - ఇవన్నియు ఒక్కటేయని తలచువారు పెక్కురు. కాని ప్రతి మాటకును ఒక తూకము కలదు. ఆ తూకము తెలిసినచో పంచాయతీ పనిని మనమే తూచి చూచుకొనవచ్చును.

నిదానము దోషము కాదు. వైద్యశాస్త్రమున నిదానమనగా రోగకారణమును కనుగొనుట. తెలుగున నిదానించుటయనగా నిలకడగా పరిశీలించుట. బావి త్రవ్వుటకు ముందు నీటి జాడ విచారించువాడు సోమరి కాడు. ఆలస్యము అట్టిది కాదు. అది 'అలస' శబ్దమునుండి పుట్టినది. సంస్కృతమున దాని అర్థము సోమరితనమే. చేయవలసిన పనియని తెలిసియు నాన్చుట తాత్సారము. దమ్ము చక్కగా చేయుట నిదానము. మడి సిద్ధమైనను నారు ముదురువరకు ఊరకుండుట తాత్సారము.

వాయిదా అను మాట అరబ్బీ భాషలో పుట్టి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. దాని మూలార్థము వాగ్దానము. కావున గడువు తేదీ లేని వాయిదా మాట తప్పుటతో సమానము.

తాత్సారమువలన కలుగు నష్టమునకు ఒక్క ఉదాహరణము చాలును. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ననుసరించి బిడ్డ పుట్టిన 21 దినములలోపల తెలిపినచో రుసుము లేదు. ఆ పిదప 30 దినములవరకు ఆలస్య రుసుము చెల్లింపవలెను. 30 దినములు దాటినచో పై అధికారి వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను; సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన బిడ్డలకు పాఠశాల ప్రవేశము, ఓటర్ల జాబితా, పాస్‌పోర్టు మున్నగువాటియందు పుట్టిన తేదీకి ఈ ధ్రువపత్రమే ఆధారము. 'రేపు చూతము' అను పెద్దల మాటకు మూల్యము చెల్లించునది నోరులేని పసిబిడ్డ!

కావున సభ్యులకు మేము మనవి చేయునది ఇది. మీ వార్డులో బిడ్డ పుట్టినదని తెలిసిన దినముననే ఆ ఇంటివారికి 21 దినముల గడువును తెలియజేయుడు. సమావేశమున ఏ విషయమునైనను వాయిదా వేయవలసివచ్చినచో మినిట్సు పుస్తకమున మూడు సంగతులు వ్రాయింపుడు: కారణమేమి, బాధ్యుడెవరు, తిరిగి చర్చించు తేదీ ఏది. ఈ మూడును వ్రాయగలిగినచో అది నిదానము. వ్రాయలేకపోయినచో అది తాత్సారము. ఆ పనిని నాడే పూర్తి చేయుడు.