హృదయములో దాచుకొన్న కోపము



శత్రువులను ప్రేమించుటను గూర్చి మనము తరచుగా ప్రసంగములు వినుచుందుము. అయితే మనలో అనేకులకు శత్రువులు లేరు. మనకున్నవారు అన్నదమ్ములు, అత్తాకోడండ్రు, భార్యాభర్తలు, గుడిలో ఒకే బల్లమీద కూర్చుండువారు. మన మనస్సులోని చేదు ఎక్కువగా వీరి మీదనే. బయటివారి మీద కోపము వచ్చినచో అరచి మరచిపోదుము. అయినవారి మీద వచ్చినదానిని కడుపులో పెట్టుకొందుము.

తల్లి వైద్యమునకు ఖర్చు పెట్టినది ఒక్క కుమారుడు. ఆస్తి పంపకములో అందరికిని సమభాగమే. అతడు ఏమియు అనలేదు. పది సంవత్సరములైనను తమ్ముని ఇంట భోజనమునకు కూర్చున్నప్పుడెల్ల ఆ లెక్క జ్ఞాపకమునకు వచ్చును. అడిగినచో "అబ్బే, నాకేమి కోపము" అనును. నివురు గప్పిన నిప్పు ఇదియే. క్రైస్తవులమైన మనకు మరియొక చిక్కు కలదు. కోపమును ఒప్పుకొనుటకు సిగ్గుపడి, దానికి ఓర్పు అని పేరు పెట్టుదుము.

పరిశుద్ధ గ్రంథము ఈ మౌనమును మెచ్చుకొనలేదు. 2 సమూయేలు 13వ అధ్యాయము చూడుడి. ఆమ్నోను తామారుకు చేసిన దుర్మార్గమును ఎరిగియు అబ్షాలోము అతనిని ఒక్క మాటయు అనలేదు. తామారును సహితము ఊరకుండుమనెను. దావీదు కోపపడెనే గాని శిక్షించినట్లు వ్రాయబడలేదు. రెండు సంవత్సరములు ఆ కుటుంబము పైకి ప్రశాంతముగానే ఉండెను. పిమ్మట ఒక విందులో అన్న హతుడాయెను. అన్యాయమును కప్పిపుచ్చుట క్షమాపణ కాదు.

పొరుగువానిని ప్రేమించుమను ఆజ్ఞ లేవీయకాండము 19:18లో ఉన్నది. దానికి ముందు వచనమే, ద్వేషమును హృదయములో దాచక అతనిని గద్దింపుమని చెప్పుచున్నది. మనము నొప్పించినవాని యొద్దకు మొదట వెళ్లుమని మత్తయి 5లోను, మనలను నొప్పించినవాని యొద్దకు ఒంటరిగా వెళ్లుమని మత్తయి 18లోను ప్రభువు బోధించెను. ఇద్దరును బయలుదేరినచో త్రోవలోనే కలిసికొందురు!

ఇందుకు మన సంఘ చరిత్రలోనే మాదిరి కలదు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్యగారు, మిషనరీలకును భారతీయ సేవకులకును మధ్యనున్న ఎడమును బహిరంగముగా ఎత్తి చూపిరి. వారి త్యాగమును ఒప్పుకొనుచునే, మాకు స్నేహితులు కావలెనని అడిగిరి. కొందరికి ఆ మాట కష్టముగా తోచెను. అయినను ఆయన ఎవరిని విడిచిపోలేదు. 1912లో డోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషేకము పొంది, 1945లో మరణించువరకు ఆ మిషనరీలతో కలిసి పనిచేసిరి. ప్రేమ గలవాడే అట్లు చెప్పగలడు.

అట్లని నోటికి వచ్చినదెల్ల అనుట నిజాయితీ కాదు. మొదట మోకాళ్లూని, ఎవరి మీద, ఎందునిమిత్తము నొచ్చుకొంటిమో పేరు పెట్టి దేవునికి చెప్పుదము. లూకా 15లో పెద్ద కుమారుని ఫిర్యాదు వినుటకు తండ్రియే బయటికి వచ్చెను గదా! పిమ్మట మూడవవారికి చెప్పక ఆ మనిషితోనే మాటలాడుదము. "నీవెప్పుడును ఇంతే" అనక, "ఆ దినమున నా మనస్సు నొచ్చినది" అందము. అవతలివారి మాటయు విందము. వారు ఒప్పుకొనకపోవచ్చును, మన లోపలి చీకటి మాత్రము వెలుగులోనికి వచ్చును.

దక్షిణ ఇండియా సంఘపు 1950 నాటి ప్రభురాత్రి భోజన క్రమములో, సమాధానమును చేతినుండి చేతికి అందించు ఆచారము చేర్చబడెను. వచ్చే ఆదివారము ఆ చెయ్యి చాపకముందే, శనివారము సాయంకాలము ఒక ఇంటి తలుపు తట్టవలసియుండునేమో ఆలోచించుదము. ప్రభువు మనకట్టి ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.